చేప దాకా రాని చేపల పులుసు

కరోనా తగ్గి అందరూ మళ్లీ ఆఫీసుల్లో కూర్చోవడం మొదలైన ఏడాది, శివరాత్రి వెళ్లిన వారంలో నన్ను మా పత్రిక నెల్లూరు ఎడిషన్ ప్రింట్ డెస్క్ నుంచి వెబ్ డెస్క్‌కు బదిలీ చేశారు. బదిలీ అంటే ఊరు మారలేదు, అంతస్తు మారింది. హోదా అదే, డెస్క్ ఇన్‌చార్జి. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆ రెండేళ్లు ఈ రమణయ్యను ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక మేడ ఎక్కించారని కింద డెస్కులో చెప్పుకున్నారు. నాకూ అదే అనుమానం ఉండేది.

ప్రింట్ డెస్కులో నా పని కోత. దీన్ని కొంచెం వివరించాలి. మండలాల నుంచి విలేకరులు పంపే వార్త పేజీలో ఉన్న జాగా కంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మనుబోలు దగ్గర ఆటో బోల్తా పడిందంటే మా విలేకరి ఆ ఆటో కొన్న రోజు నుంచి మొదలుపెట్టేవాడు. సబ్ ఎడిటర్ దాన్ని తిరగరాసి, అసలు సంగతి మొదటి పేరాలో పెట్టి, మిగతాది ప్రాముఖ్యం తగ్గే వరుసలో పేర్చాలి. అలా పేర్చిన తర్వాత పేజీ పెట్టే మనిషి దాన్ని చదవనవసరం లేదు. ప్రకటన వచ్చి జాగా తగ్గితే కింది నుంచి కోసుకుంటూ వస్తాడు. దీన్ని మేం తోక కోయడం అనేవాళ్లం. ఎంత కోసినా తల మిగులుతుంది కాబట్టి వార్త బతికేది. చదవకుండా కోయగలగడమే మా వృత్తిలో నమ్మకం.

వెబ్ డెస్కులో ఈ పద్ధతి మొత్తం తలకిందులు. అక్కడి నియమాలు నిర్ణయించేది వంశీ అనే కుర్రాడు. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వచ్చాడు. అతని హోదా ఎస్ఈవో లీడ్. అంటే జనం ఫోనులో ఏదైనా వెతికినప్పుడు వచ్చే జాబితాలో మన వ్యాసం అందరికంటే పైన కనిపించేలా చూడటం అతని ఉద్యోగం. జాబితాలో రెండో పేజీకి ఎవరూ పోరు, మొదటి పేజీలో కూడా మూడో వరుస దాటరు అని చెప్పేవాడు. మర్యాదస్థుడు, పని రాక్షసుడు. ‘బేసిగ్గా’ అనకుండా వాక్యం మొదలుపెట్టేవాడు కాదు.

అతని నియమాలు మూడు. పైన కనిపించే వ్యాసాలన్నీ పొడుగ్గా ఉంటున్నాయి కాబట్టి మన వ్యాసం రెండు వేల మాటలకు తగ్గకూడదు. పాఠకుడు వెతుకుతున్న జవాబు చివర్లోనే ఉండాలి. ముందే చెప్పేస్తే చూసుకుని వెళ్లిపోతాడు, అదొక పెద్ద నేరం. అతను పేజీ మీద ఎంతసేపు ఉంటే అంత మంచిది, దాన్ని ఎంగేజ్‌మెంట్ టైమ్ అంటారు, అది హెడ్డాఫీసుకు రోజూ వెళ్తుంది. ఇక మూడోది లైటు. మేం వ్యాసం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఓ మూల చిన్న లైటు ఉండేది. వ్యాసం నచ్చకపోతే ఎరుపు, పర్వాలేదనుకుంటే నారింజ, నచ్చితే ఆకుపచ్చ. ఆకుపచ్చ వచ్చేదాకా రాసిన మనిషి ఇంటికి పోకూడదు.

బస్టాండు ఎక్కడని ఎవరైనా అడిగితే బస్సు పుట్టుపూర్వోత్తరాలు చెప్పి ఆ తర్వాత దారి చూపిస్తావా నాయనా అని మొదటి రోజే అడిగాను. అతను నవ్వి, ‘బేసిగ్గా సార్, అంతసేపూ అతను మనతోనే ఉంటాడు కదా’ అన్నాడు. 

డెస్కులో రాసే మనిషి ఒక్కతే, శాంతకుమారి. మనుబోలు నుంచి రోజూ బస్సులో వచ్చేది. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. కరోనాలో స్కూలు మూతపడింది. ఇంట్లో తల్లి, చదువుకునే తమ్ముడు, సంపాదించే మనిషి తను మాత్రమే. ఆమెది మూడు నెలల కాంట్రాక్టు. దాని పొడిగింపుకు హెడ్డాఫీసు ఒక షరతు పెట్టింది. గడువు ముగిసే రోజున నెల్లూరు వెబ్ డెస్క్ రాసిన వ్యాసం ఒక్కటైనా సెర్చ్‌లో అందరికంటే పైన ఉండాలి. ఉంటే ఏడాది కాంట్రాక్టు. లేకపోతే డెస్కు ఎత్తేస్తారు. నేను మెట్లు దిగి కిందికి పోతాను, ఆమె ఇంటికి పోతుంది. ఇద్దరికీ పడే శిక్షలో ఇంత తేడా ఉండటం నాకు మొదటి రోజు నుంచీ నచ్చలేదు.

శాంత ఎంచుకున్న అంశం నెల్లూరు చేపల పులుసు. మనుబోలు చర్చిలో విందు అంటే పులుసు వాళ్లమ్మే వండాలట. ఆ తల్లి వండే పద్ధతిని ఆ పిల్ల ఎనిమిది అంచెల్లో, పేజీకి తక్కువగా రాసి తెచ్చింది. తాలింపు ఏమిటి, చింతపండు పులుసు ఎంత మరగాలి, చేప ముక్కలు ఎప్పుడు జార్చాలి, మామిడికాయ ముక్కలు ఎప్పుడు, ముక్కలు పడ్డాక గరిటె పెట్టకుండా గిన్నె అంచులు పట్టుకుని ఎలా తిప్పాలి, అంతే. ఉద్యోగమంతా కోతలో గడిపిన నాకు అందులో కోయడానికి ఒక్క మాట దొరకలేదు. లైటు మాత్రం ఎర్రగా వెలిగింది.

దాంతో పెంచడం మొదలైంది. వంశీ ఉపశీర్షికలు ఇచ్చాడు. చేప అంటే ఏమిటి? నెల్లూరు ఎక్కడ ఉంది? పులుసు అని దేనిని అంటారు? చేపల పులుసులో చేపలు వేయవచ్చా? ఇవన్నీ జనం వెతికే ప్రశ్నలేనని అతని దగ్గర ఆధారం ఉంది. శాంత తల వంచుకుని అన్నిటికీ జవాబులు రాసింది. చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగి, ‘చేపలు వెయ్యొచ్చా అని అడిగే మనిషికి వండి పెట్టినా గొంతులో ముల్లు దిగుద్ది సార్’ అంది. అప్పటికీ మాటలు చాలకపోతే చింతపండు మీద నాలుగు పేరాలు నేను రాశాను. ఏదో మొక్కుబడిగా రాయలేదు. అవి చాలా బాగా వచ్చాయి, ఇప్పటికీ అదే అంటాను. ‘ముగింపు’ అని ఇంకో పేరా చేరాక లైటు పచ్చబడింది. వాళ్లమ్మ పద్ధతి ఎక్కడో అడుక్కి చేరింది.

చెప్పకేం, వ్యాసం పైకి వచ్చింది. మామిడికాయలు బజారులోకి దిగిన రోజుల్లో ఒకనాటి ఉదయం చూస్తే జాబితాలో మొదటిది మాదే. శాంత మిఠాయి తెచ్చింది. వంశీ ఒక గ్రాఫు చూపించాడు. ఎన్నికల ఫలితాల పేజీ మీద కూడా జనం అంతసేపు నిలబడలేదట. మా పాఠకులు చేప పుట్టుక దగ్గర నుంచి ఓపిగ్గా, వరుసగా, చివరి దాకా చదువుతున్నారని అతను తేల్చాడు. చింతపండు పేరాలు నచ్చి ఉంటాయని నేను మనసులో అనుకున్నాను. ఆ ఉత్సాహంలో అతను, వెబ్‌లో ఇంత ఆదరణ పొందిన వ్యాసాన్ని ఆదివారం జిల్లా టాబ్లాయిడ్‌లో అచ్చు వేయాలని హెడ్డాఫీసు చేత ఆదేశం ఇప్పించాడు.

కింద టాబ్లాయిడ్ పేజీలు పెట్టేది చెంచయ్య. నాతోపాటు ఉద్యోగంలో చేరినవాడు. వ్యాసం అతనికి శనివారం అందింది. అరపేజీ జాగా. మధ్యలో నోరూరించే పులుసు ఫొటో పెద్దది పెట్టాడు. కింద కుక్కర్ల ప్రకటన వచ్చింది. మిగిలిన జాగాకు వ్యాసం చాలా ఎక్కువైంది. చెంచయ్య ఏం చేస్తాడు? మా వృత్తి నేర్పిన పనే చేశాడు. చదవకుండా, అనుమానించకుండా, కింది నుంచి కోసుకుంటూ వచ్చాడు. వాక్యం చక్కగా పూర్తయిన చోట ఆపాడు. ఆ వాక్యం ఇది: ‘ఇక ఆలస్యం చేయకుండా అసలు తయారీ ఎలాగో చూద్దాం.’

దాని కింద కుక్కర్లు.

నెల్లూరులో ఆదివారం అంటే సగం ఇళ్లలో చేపలే. ఆ రోజు డ్యూటీలో నేను ఒక్కణ్నే ఉన్నాను. పొద్దున కాఫీ తాగే వేళ నుంచి ఫోన్లు. చాలామందికి పులుసు వండటం రాక కాదు, మమ్మల్ని ఆడుకోవడం సరదా. ఒకావిడ, ‘చూద్దాం అన్నారు గదా సార్, ఇంటిల్లిపాదీ చూస్తానే ఉండాం’ అంది. ఇంకొకాయన కుక్కరు కొంటే పులుసు అందులో వస్తుందా అని అడిగాడు.

వాళ్ల మధ్యలో వెంకటాచలం నుంచి సుబ్బరామిరెడ్డి గారు చేశారు. ఆయనది సరదా కాదు. వరి పండించే రైతు. ఆయన భార్య చెయ్యి విరిగి కట్టు కట్టించుకుని ఉన్నారు. కుర్చీలో కూర్చుని అది వెయ్యి ఇది తియ్యి అని పురమాయిస్తూ ఆయన చేత వంట చేయిస్తుంటే, ఆయనకు రోషం వచ్చి, ఈ ఆదివారం నీ మాట సాయం లేకుండా వండి నీ తమ్ముడికి పెడతాను చూడు అని పందెం వేశారట. బావమరిది బయల్దేరాడు కూడా.

‘సారూ, కొరమీన్లు కోయించి కడిగి పెట్టుండాను. చేపంటే ఏందో చదివినాను. నెల్లూరు యాడుండాదో చదివినాను. చింతపండు సంగతంతా చదివినాను. గిన్నె పొయ్యి మీద ఉండాది. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు’ అన్నారు.

నాకు తినడమే తెలుసు. శాంత చర్చిలో ఉంది, ఫోను ఎత్తలేదు. వ్యాసం మొత్తం వెబ్‌లో ఉంది, ఫోనులో చూసుకోండి అని చెప్పాను. ఆయన సరేనని పెట్టేశారు. సమస్య తీరిందనుకుని నేను నిశ్చింతగా భోజనానికి వెళ్లాను.

సోమవారం మధ్యాహ్నం వీడియోలో మీటింగు పెట్టారు. తెర మీద హెడ్డాఫీసు ఎడిటర్ గారు. మా వైపు బల్ల చుట్టూ వంశీ, చెంచయ్య, శాంత, నేను. జిల్లా అంతా నవ్వుతోంది, దీనికి బాధ్యులెవరో తేల్చండి అన్నారు. చెంచయ్య లేచి నిలబడి, ‘నేను తోకే కోసినాను సార్. తోకలో తలకాయ పెట్టింది ఎవురో కనుక్కోండి’ అన్నాడు. వంశీని అడిగితే, వెబ్‌కు ఆ వరుసే సరైనదని, పాఠకులు చివరి దాకా చదువుతున్నారనడానికి గ్రాఫే సాక్ష్యమని చెప్పాడు. అబద్ధం చెప్పలేదు, అతను నమ్మినదే చెప్పాడు. ఇద్దరి మాటా విన్నాక ఎడిటర్ గారు, అయితే అచ్చుకు పంపేటప్పుడు వరుస మార్చి ఇవ్వాల్సింది రాసిన అమ్మాయే కదా, గడువుతో ఆమె కాంట్రాక్టు ముగించేద్దాం అన్నారు.

నాకు ఒళ్లు మండింది. కింది నియమం కింద పాటించారు, పై నియమం పైన పాటించారు, ఆ రెంటిలో ఏ నియమమూ ఆ పిల్ల పెట్టింది కాదు. శాంత బల్ల కింద చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను నోరు తెరిచి గట్టిగానే ఏదో అనబోతున్నాను. అప్పుడు తలుపు తోసుకుని వాచ్‌మన్, అతని వెనకే తెల్ల పంచె, చేతిలో స్టీలు కారియరుతో ఒక పెద్దమనిషి వచ్చారు.

‘చింతపండు ఆఫీసు ఇదేనా?’ అన్నారు.

సుబ్బరామిరెడ్డి గారే. నిన్న భోజనాల వేళ నుంచీ మళ్లీ ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదట, పొలం పని పక్కన పెట్టి ఆటో ఎక్కి వచ్చేశారు. కారియరు మూత తీసి బల్ల మీద, సరిగ్గా కెమెరా ముందు పెట్టారు. తెర మీద ఎడిటర్ గారు ముందుకు వంగి చూశారు. అందులో పులుసు ఉంది, చేప లేదు. చేప ముక్కలన్నీ చెదిరి పులుసులో కలిసిపోయాయి. అక్కడక్కడ ముళ్లు తేలుతున్నాయి.

‘ఇది మీరు వండించిన పులుసు’ అని మొదలుపెట్టారు ఆయన. ‘ఫోన్లో చూడమన్నాడు ఈ సారు. చూసినాను. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. తోస్తా ఉండా, తోస్తా ఉండా, ఎంతకీ రాదే! చేపంటే ఏంది అని నన్ను అడగతా ఉండాది. చేప నా ముందరే ఉండాది గదయ్యా! మళ్లా కిందికి తోస్తే బనీన్ల బొమ్మొచ్చింది. దాన్ని దాటితే మళ్లా చింతపండు. పేపర్లో ఒకసారి చదివినాను గదా, ఫోన్లో కూడా ఎందుకయ్యా? ఎక్కువ తోసేసినానేమో అని పైకి పోయినాను. పైన మళ్లా నెల్లూరు యాడుండాదంటది. ఇట్ట పైకీ కిందికీ తిరగతా, గరిటెతో తిప్పతా ఉండాను. ఆఖరికి మా ఆవిడే వరండాలోంచి గరిటె తియ్యి అని అరిచింది. అప్పటికి అయిపోయింది.’

బావమరిది ఏమన్నాడని చెంచయ్య ఆత్రంగా అడిగాడు. ఏమీ అనలేదట. ఆవకాయ ఉందా అక్కా అని అడిగాడట. అది తిట్టిన దానికంటే ఎక్కువైందని ఆయన బాధ. ఆ చింతపండు పురాణం రాసిన మనిషి ఎవరో ఒకసారి చూడాలని ఉందని కూడా అన్నారు. నేను కిటికీలోంచి ట్రంకు రోడ్డు మీద ట్రాఫిక్ చూస్తూ ఉండిపోయాను.

ఎడిటర్ గారు ఆయన్ని, ఫోనులో మా వ్యాసం ఎంతసేపు చూశారని అడిగారు.

‘పులుసు మరిగినంతసేపూ’ అన్నారాయన.

వంశీ కంప్యూటరు వైపు తిరిగాడు. పాఠకుడి వేలు పేజీ మీద ఎటు కదిలిందో చూపించే రిపోర్టు ఒకటి ఉంటుంది. గ్రాఫు సంతోషంలో అతను దాన్ని అప్పటిదాకా తెరవలేదు. ఇప్పుడు అందరి ముందూ తెరిచాడు. పాఠకులు వరుసగా కిందికి వెళ్లడం లేదు. కిందికి, పైకి, మళ్లీ కిందికి, బస్సులో ఏదో పారేసుకున్న మనిషి సీట్ల కింద వెతికినట్టు వెతుకుతున్నారు. ఎక్కువసేపు ఉన్నవాళ్లంతా దొరకనివాళ్లే. ‘బేసిగ్గా...’ అన్నాడు వంశీ. ఆ తర్వాత వాక్యం రాలేదు. మెచ్చుకోవాల్సిన సంగతేమిటంటే, ఆ రిపోర్టును అతను దాచలేదు.

అప్పుడు నేను ఒక ప్రతిపాదన చేశాను. ఆ ఎనిమిది అంచెలూ ప్రింట్ పద్ధతిలో అన్నిటికంటే పైన పెడదాం. మిగతా చరిత్ర అంతా కింద అలాగే ఉంటుంది, మాటలు తగ్గవు, లైటుకూ కోపం రాదు. వంశీ భయపడ్డాడు. మొదటి స్థానంలో ఉన్న వ్యాసాన్ని కదిలిస్తే అది ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరన్నాడు. అది నిజమే. ఎడిటర్ గారు ఆలోచించి, అచ్చులో జరిగింది వదిలేస్తాను, షరతు మాత్రం షరతే, గడువు రోజున పైన ఉంటే కాంట్రాక్టు ఉంటుంది, వరుస మార్చాలో లేదో రాసిన అమ్మాయే చెప్పాలి అన్నారు.

అందరం శాంత వైపు చూశాం. పోయేది ఆమె ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు ఉంచెయ్యమ్మా, మాకెవరికీ తప్పుగా అనిపించదు అని నేను మెల్లగా చెప్పాను. నా ప్రతిపాదనకు నేనే అడ్డుపడ్డాను, ఎందుకంటే ఆమె గురించి నాకు నిజంగానే భయం వేసింది.

ఆమె కారియరులోకి చూసింది. ‘అయ్యో, ఎంత మంచి కొరమీన్లు సార్’ అంది. ‘మా అమ్మ చూస్తే ఏడుస్తది. పైన పెట్టేస్తాను.’ అక్కడే కూర్చుని మార్చేసింది. రెడ్డి గారు ఆమె వెనక నిలబడి ఎనిమిది అంచెలూ పైకి చదివి, ‘ఇంతేనా?’ అన్నారు. ఆ మూడు అక్షరాల్లో ఉన్న కోపం నేను సర్వీసులో ఏ యూనియన్ మీటింగులోనూ వినలేదు.

ఆ తర్వాతి రోజులు బాగా లేవు. వ్యాసం రెండో స్థానానికి దిగింది. తర్వాత మూడుకు. మా పైన కూర్చున్నది, చేపలో ఉండే పోషకాలతో మొదలై చేప తినడం మంచిదని తేల్చే వ్యాసం. శాంత అన్నం గిన్నె తెరవకుండానే ఇంటికి తీసుకెళ్లేది. వంశీ రోజూ ఏదో ఒకటి సర్దుతూ, ఆమె మొహం చూడకుండా తిరిగేవాడు. కింద మళ్లీ నా కుర్చీ దుమ్ము దులిపించానని చెంచయ్య చెప్పినప్పుడు అతన్ని అనరాని మాటలు అన్నాను.

గడువు రోజు ఉదయం చూస్తే మా వ్యాసం ఒకటిలో లేదు, రెండులో లేదు, మూడులో లేదు. మొదటి పేజీ అంతా గాలించాం. లేదు. శాంత చప్పుడు చేయకుండా సొరుగులో సామాను సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. వంశీ ఇంకోసారి వెతికి, కుర్చీలోంచి లేచి, అరిచాడు. మేం జాబితాలో వెతుకుతున్నాం. అది జాబితాలో లేదు. జాబితాకు పైన, అన్నిటికంటే పైన, ఒక పెట్టెలో వాళ్లమ్మ ఎనిమిది అంచెలూ పూర్తిగా ఉన్నాయి. కింద మా పత్రిక పేరు ఉంది.

వెతికిన ప్రశ్నకు ఏ వ్యాసమైనా సూటిగా జవాబు ఇస్తోందని అనిపిస్తే సెర్చ్ యంత్రమే ఆ ముక్కను తీసి అలా నెత్తిన పెట్టుకుంటుందట. వాళ్ల భాషలో దాన్ని జీరో పొజిషన్ అంటారు. ఒకటి కంటే పైన ఉండేది సున్నా అని ఆ రోజు తెలుసుకున్నాను. వంశీ వచ్చి శాంతకు చెయ్యి ఇచ్చి, ఎప్పుడూ అనే మాట అనకుండా, ‘కంగ్రాట్స్ అక్కా’ అన్నాడు. ఆమె సంచి పక్కన పెట్టి ఏడ్చింది. నాకు కూడా కళ్లు చెమర్చాయి, ఏసీ గాలి అని చెప్పాను.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. పద్ధతి మొత్తం పెట్టెలోనే కనిపిస్తే పాఠకుడు మా పేజీలోకి రావడం ఎందుకు? ఎవరూ రాలేదు. వారం తిరిగేసరికి గ్రాఫు నేలకు ఆనుకుంది. ఎంగేజ్‌మెంట్ టైమ్ అడుగంటింది. వంశీ హెడ్డాఫీసుకు ఒకే మెయిల్‌లో మొదటి పేరాలో విజయం, రెండో పేరాలో సంతాపం రాశాడు. షరతులో ఉన్నది పైన ఉండటం గురించే, లోపలికి రావడం గురించి కాదు కాబట్టి శాంతకు ఏడాది కాంట్రాక్టు వచ్చింది. అదే రోజు, పాఠకులు పేజీ మీద ఎందుకు నిలవడం లేదో సంజాయిషీ ఇవ్వమని డెస్క్ ఇన్‌చార్జినైన నాకు నోటీసు వచ్చింది. ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చాను: పాఠకులు వంట చేసుకుంటున్నారు.

రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్నదే. వ్యాసం ఎంత పొడుగు ఉండాలో లైటుకు తెలియదు, గ్రాఫుకూ తెలియదు. చదివే మనిషి చేతిలో ఆ సమయంలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తే అతను వెళ్లిపోతాడు, వెళ్లాడంటే పని అయిందని అర్థం. ఆ తర్వాత కింద ఎంత రాసుకున్నా ఎవరికీ నష్టం లేదు, ఎవరూ చదవరు.